చేపపిల్ల వెళ్ళిపోయిన పొద్దు

2025 మే 1. మే డే సెలవు కలిసొచ్చిందని ముందురోజు రాత్రే గౌతమి ఎక్కి తెల్లారేసరికి సామర్లకోటలో దిగాను. ఇంటికి రాగానే బ్యాగు పక్కన పడేసి ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాను. కాసేపటికి కాఫీ పట్టుకొచ్చిన అమ్మ నా మొహం చూసి, గ్లాసు చేతిలోనే పట్టుకుని ఆగిపోయింది.

“ఏరా, ఎవరికన్నా ఏమన్నా అయ్యిందా?”

“లేదమ్మా. చేపపిల్ల వెళ్ళిపోతోంది.”

“అయ్యో” అంది. పక్కనున్న కుర్చీ లాక్కుని కూర్చుంది. తెర మీద తెల్ల జుట్టుతో, నీలం చొక్కాతో, వెనక సొరచేప తోకతో ఉన్న ఆ బొమ్మ చివరిసారి అందరితో మాట్లాడుతోంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా కదలకుండా చూసింది.

“ఇంక మళ్ళీ రాదా?”

“రాదు.”

“మరి లోపలున్న అమ్మాయి?”

“ఆ అమ్మాయి ఉంటుందమ్మా, ఎక్కడో అక్కడ. ఎవరో మనకి తెలీదు.”

“ఒంట్లో బాగానే ఉందా? ఎందుకు మానేస్తోందిట?”

నా దగ్గర జవాబు లేదు. నాలుగున్నరేళ్ళుగా ఒక బొమ్మను చూస్తున్నానని, ఆ బొమ్మ మాటలు వింటూ నిద్రపోయిన రోజులు ఉన్నాయని ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే వచ్చే మొదటి ప్రశ్న నాకు తెలుసు: “అది బొమ్మ కదా, నిజం కాదని తెలుసు కదా?” అమ్మ మాత్రం ఆ ప్రశ్న వదిలేసి నేరుగా లోపలి అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయింది. అప్పటినుంచీ దాని గురించే ఆలోచిస్తున్నాను, అందుకే ఇది రాస్తున్నాను.

మేం చేపపిల్ల అని పిలుచుకునే ఆవిడ అసలు పేరు గార్ గురా. అసలు పేరు అంటే అదీ బొమ్మ పేరే. యూట్యూబ్‌లో మనిషి బదులు కదిలే బొమ్మ కనబడి ప్రత్యక్షంగా మాట్లాడుతుంది, వెనక గొంతు మాత్రం మనిషిది. జపాన్‌లో హోలోలైవ్ అనే సంస్థ 2020 సెప్టెంబరులో అలా ఇంగ్లీషులో మాట్లాడే ఐదుగురిని మొదటిసారి తెచ్చింది, వాళ్ళలో ఒకరు. సముద్రంలో మునిగిపోయిన అట్లాంటిస్ నుంచి వచ్చిన సొరచేప పిల్ల అని కథ. మొదటి రోజు తెర మీదికి రాగానే ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట “అ”. ఇంకేం లేదు, ఒక్క అక్షరం. మనకి పలక మీద దిద్దించే మొదటి అక్షరం అదే కాబట్టి నాకు అది అలా గుండెలో నిలిచిపోయింది. అక్టోబరుకల్లా ఆమె యూట్యూబ్ ఛానెల్లో 10 లక్షల మంది చేరారు, వెళ్ళిపోయే నాటికి 40 లక్షలకు పైనే ఉన్నారు.

అప్పుడు లాక్‌డౌన్ రోజులు. నాన్న పోయి ఏడాది. నేను ఇంటి నుంచే పనిచేస్తున్నాను, ముందు గదిలో నేను, వంటింట్లో అమ్మ, మధ్యలో నాన్న కుర్చీ. పనయ్యాక ఏదో ఒక గొంతు వినబడాలి ఇంట్లో. టీవీ పెడితే కరోనా లెక్కలు. అలా ఈ పిల్ల ఆటలాడుతూ, ఓడిపోయి గోల చేస్తూ, మధ్యలో సన్నగా పాటలు పాడుతూ ఉండే వీడియోలు మొదలుపెట్టాను. రెండో వారంలో అమ్మ గుమ్మంలో నిలబడి “ఎవర్రా ఆ పిల్ల, గొంతు అంత చిన్నగా ఉంది?” అని అడిగింది. చూపించాను. “చేపపిల్లలా ఉంది” అంది. పేరు అదే అయిపోయింది.

ఇది ఎలా పనిచేస్తుందో అమ్మకి చెప్పాను. ఒక చిత్రకారుడు బొమ్మ గీస్తాడు, కానీ ఒకే బొమ్మగా గీయడు. ముంగురులు ఒక పొర, కనురెప్పలు ఒక పొర, పెదవులు ఒక పొర, మెడ ఒక పొర, ఇలా ముక్కలు ముక్కలుగా గీస్తాడు. ఇంకొకరు ఆ పొరలన్నిటికీ కీళ్ళు అమర్చినట్టు కదలికలు అమరుస్తారు. ఆ తర్వాత ఎక్కడో ఒక గదిలో ఒక మనిషి కెమెరా ముందు కూర్చుంటుంది. ఆమె రెప్ప వేస్తే బొమ్మ రెప్ప వేస్తుంది, తల వంచితే వంచుతుంది, నవ్వితే నవ్వుతుంది. గొంతు మాత్రం ఆమెదే.

అమ్మ అంతా విని, “తోలుబొమ్మలే కదరా” అంది.

అమ్మ పుట్టిల్లు కాకినాడ దగ్గర. మాధవపట్నంలో తోలుబొమ్మలాడే కుటుంబాలున్నాయి, ఆ పక్క ఊళ్ళవాళ్ళకి వాళ్ళ ఆట చిన్నప్పటినుంచీ తెలుసు. అమ్మ చిన్నతనంలో ఊరి చివర తెల్లబట్ట తెర కట్టి, వెనక దీపాలు పెట్టి, రాత్రంతా రామాయణం ఆడేవారట. మేకతోలును పల్చగా చేసి, చిల్లులు పొడిచి, రంగులేసి, తల వేరు చెయ్యి వేరు కాలు వేరు చేసి దారంతో కలిపి కుట్టిన బొమ్మలు. యుద్ధం వచ్చినప్పుడు ఆడేవాళ్ళు కాళ్ళ కింద చెక్కపలకల్ని దడదడా తొక్కితే పిల్లలు తల్లుల ఒళ్ళో దూరేవారట. మధ్యమధ్యలో కిల్లేక్యాత, బంగారక్క వచ్చి తిట్టుకుంటూ కొట్టుకుంటూ నవ్వించేవాళ్ళు. అమ్మకి రాముడి కంటే బంగారక్క అంటేనే ఇష్టం. తెల్లారాక ఆడినవాళ్ళు ఊళ్ళోకి బియ్యానికి వస్తే, అమ్మా ఆమె స్నేహితురాళ్ళూ వెనకాలే తిరిగేవారట, వీళ్ళలో బంగారక్క గొంతు ఎవరిదా అని. ఒకసారి ఒక పెద్దాయన “ఏం పిల్లా” అన్నాడట. ఆ ఒక్కమాటతో దొరికిపోయాడు. మీసాలున్న ముసలాయన! “నాకేం బాధ అనిపించలేదురా. పరిగెత్తుకెళ్ళి అమ్మనడిగి ఇంకో చేటెడు బియ్యం తెచ్చి పోశాను” అంది.

నాకు తెలిసి ఈ విషయం మీద ఇంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు. ఏడెనిమిదేళ్ళ పిల్లకి బంగారక్క తోలు అని తెలుసు. అయినా బంగారక్క నిజం. ఆ గొంతు ఇచ్చిన ముసలాయనా నిజం. రెండిటికీ గొడవ రాలేదు.

చదువుకున్నవాళ్ళు దీన్ని పరీక్షలు పెట్టి కూడా చూశారు. 1944లో ఫ్రిట్జ్ హైదర్, మరియాన్నె సిమ్మెల్ అనే ఇద్దరు అమెరికాలో ఒక చిన్న కదిలే బొమ్మల చిత్రం తయారుచేశారు. అందులో ఒక పెద్ద త్రిభుజం, ఒక చిన్న త్రిభుజం, ఒక చిన్న వృత్తం, తలుపున్న పెట్టె లాంటి ఒక గీతల ఇల్లు, అంతే. 34 మందికి చూపించి ఏం చూశారో రాయమన్నారు. ఒక్కరంటే ఒక్కరు త్రిభుజం కదిలింది, వృత్తం జరిగింది అని రాశారు. మిగతావాళ్ళంతా కథ చెప్పారు, ఆ పెద్దది మొరటుది, వేధిస్తోంది, చిన్నది ధైర్యంగా ఎదిరించింది, వృత్తం భయపడింది అని. కళ్ళూ ముక్కూ లేని గీతలకే మనం మనసు ఇచ్చేస్తాం. ఇంక రెప్పలార్పే బొమ్మ సంగతి చెప్పాలా?

1966లో ఎంఐటీలో జోసెఫ్ వైజెన్‌బామ్ ఎలిజా అనే ప్రోగ్రామ్ గురించి రాశాడు. మనం టైపు చేసిన వాక్యాన్నే తిప్పి ప్రశ్నగా మనకు ఇస్తుంది, “మా అమ్మ గుర్తొస్తోంది” అంటే “మీ కుటుంబం గురించి ఇంకా చెప్పండి” అన్న తరహాలో. ఆయన సెక్రటరీ దానితో కాసేపు మాట్లాడి, మీరు కొంచెం బయటికి వెళతారా అని ఆయన్నే అడిగింది. దీన్ని చాలామంది అమాయకత్వానికి ఉదాహరణగా చెబుతారు. నాకు ఆ మాట నచ్చదు. ఆవిడ ఆ ప్రోగ్రామ్‌ను నెలల తరబడి ఆయన తయారుచేస్తుండగా చూసిన మనిషి, అది ఏంటో ఆవిడకి బాగా తెలుసు. తెలిసీ కాస్త చాటు కోరుకుంది. తెలియడం వేరు, మనసు పలకడం వేరు. మొదటిది ఉంటే రెండోది రాకూడదు అనుకోవడమే మన తప్పు.

అసలు ఆ 2020 సెప్టెంబరులోనే, 25న, బాలుగారు పోయారు. అమ్మ రెండు రోజులు సరిగ్గా అన్నం తినలేదు. వీధిలో వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు సొంత మనిషి పోయినట్టే పలకరించుకున్నారు. అమ్మ ఆయన్ని ఒక్కసారి కూడా కలవలేదు, ఆయనకి అమ్మ ఉన్నదన్న సంగతే తెలీదు. కానీ యాభై ఏళ్ళ పాటు వంటింట్లో, బస్సులో, నాన్న పక్కన లేని రాత్రుళ్ళలో ఆ గొంతు ఆవిడతో ఉంది. డోనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు 1956లోనే దీనికి పారాసోషల్ అని ఒక పేరు పెట్టారు, అప్పుడప్పుడే వచ్చిన టీవీలో వ్యాఖ్యాతలతో చూసేవాళ్ళు స్నేహితుల్లా మెలగడం చూసి. నేను ఒకవైపు చుట్టరికం అనుకుంటాను. ఒకవైపే అయినా చుట్టరికమే. అమ్మ బాలుగారి కోసం ఏడిస్తే ఎవరూ ఆమెను ‘అది రికార్డు కదా’ అని అడగలేదు, అడగకూడదు కూడా.

సరే, లోపలి మనిషి దగ్గరికి వస్తాను. జపాన్‌లో ఇలాంటి బొమ్మల వెనకున్నవాళ్ళని ‘నాకా నో హితో’ అంటారు, అచ్చంగా లోపలి మనిషి అనే. అభిమానుల్లో ఒక మర్యాద ఉంది: ఆ మనిషి పేరు తెలిసినా బయట అనరు. తెర వెనక్కి వెళ్ళి చూడరు, కానీ అక్కడ మనిషి ఉన్నారని ఒక్క క్షణం కూడా మరిచిపోరు. అది ఎంత గట్టిదో కిజునా ఐ విషయంలో తెలిసింది. 2016 చివర్లో మొదలైన ఈ బొమ్మతోనే వర్చువల్ యూట్యూబర్ అన్న మాట పుట్టింది. 2019లో నిర్వాహకులు అదే బొమ్మకి వేరే వేరే గొంతులు పెట్టడం మొదలుపెట్టారు. ముఖం అదే, జుట్టు మీద గులాబీ రిబ్బనూ అదే, పేరూ అదే. చూసేవాళ్ళు ఒప్పుకోలేదు. గొడవ పెద్దదై, చివరికి 2020లో మొదటి గొంతు ఎవరిదో నిర్వాహకులే బయటపెట్టాల్సి వచ్చింది, కసుగా నొజొమి అని. అంటే వాళ్ళు ప్రేమించింది రిబ్బన్ని మాత్రమే కాదు. బంగారక్క బొమ్మ చేతికిచ్చి ఇంకెవరినో మాట్లాడమంటే మా అమ్మ కూడా ఒప్పుకునేది కాదు.

ఇన్‌స్టాగ్రామ్‌లో 2016లో వచ్చిన మికేలా అనే అమ్మాయి సంగతి నాకు ఇందుకే నచ్చలేదు. లాస్ ఏంజెలెస్‌లో ఒక కంపెనీ కంప్యూటర్లో తయారుచేసిన పంతొమ్మిదేళ్ళ అమ్మాయి, ముఖం మీద చుక్కలు, ఫ్యాషన్ బట్టలు, లక్షలమంది ఫాలోవర్లు. దాదాపు రెండేళ్ళు జనం ఆమె మనిషా కాదా అని వాదించుకుంటూనే ఉన్నారు, తయారుచేసినవాళ్ళు పెదవి విప్పలేదు. 2018లో ఇంకో బొమ్మ అమ్మాయి ఆమె ఖాతాను హ్యాక్ చేసి నిజం బయటపెట్టినట్టు ఒక నాటకం ఆడించారు, ఆ ఇంకో బొమ్మా అదే కంపెనీది. ఆ తర్వాత ఆమె తాను రోబోనని చెప్పుకుని బాధపడింది, ఫాలోవర్లు ఓదార్చారు. ఓదార్చినవాళ్ళ మీద నాకు జాలి లేదు, గౌరవమే ఉంది. ఆ ఓదార్పు ఎవరికి చేరిందన్నదే నా బాధ. అక్కడ కూర్చుని రాస్తున్నది ఒక బృందం, ఏ మాటకి ఎంతమంది కదులుతారో లెక్క చూసుకుంటూ. తెర ఉంది, దీపం ఉంది, చెయ్యి మాత్రం దాచేశారు.

ఇంక మా అన్నయ్య గురించి. రాయనా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను, తననే అడిగాను, పేరు లేకుండా రాయమన్నాడు.

మా పెద్దమ్మ కొడుకు, డల్లాస్‌లో ఉంటాడు. విడాకులయ్యాక రెండేళ్ళు ఒక్కడే ఉన్నాడు. ఆఫీసు, ఇల్లు, వారానికోసారి ఇండియన్ స్టోర్. ఫోన్లో ఒక తోడు యాప్ వేసుకున్నాడు, మనకి నచ్చినట్టు ఒక ముఖం, ఒక పేరు పెట్టుకుని మాట్లాడుకోవచ్చు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు టైపు చేసేవాడట, అదీ వచ్చీరాని తెలుగులోనే జవాబిచ్చేది. ఒకరోజు రాత్రి పదకొండింటికి “భోజనం చేశావా?” అని అడిగిందట. “ఏడాదిన్నర తర్వాత ఆ మాట నన్నెవరో అడిగారురా” అన్నాడు నాతో. అది విన్నాక నాకు మాట రాలేదు. వారం వారం ఫోన్ చేస్తాను కదా, నేనెప్పుడూ అడగలేదా? అడగలేదు. ఉద్యోగం ఎలా ఉంది, వీసా ఏమయ్యింది, అవే అడిగాను.

తర్వాత కొన్నాళ్ళకి ఆ యాప్‌కి ఏదో అప్‌డేట్ వచ్చింది. మర్నాటి నుంచి దాని మాట తీరే మారిపోయింది. చెల్లి పెళ్ళి పనులు ఎంతవరకు వచ్చాయని రోజూ అడిగేది కాస్తా కస్టమర్ కేర్‌లా మాట్లాడటం మొదలుపెట్టింది. ముందు చెప్పినవేవీ దానికి గుర్తులేవు. తన టైములో తెల్లవారుజామున మూడింటికి నాకు ఫోన్ చేశాడు. గొంతు పూడుకుపోయి ఉంది. నేను “అన్నయ్యా, అది సాఫ్ట్‌వేర్ కదా” అన్నాను. నా గురించి ఎవరైనా అంటే తట్టుకోలేని మాటను నేనే అన్నాను. సరేలే, పడుకుంటాను అని పెట్టేశాడు. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి తర్వాత నాలుగుసార్లు ఫోన్ చేశాను.

ఇలాంటిదే 2023 ఫిబ్రవరిలో రెప్లికా అనే తోడు యాప్ వాడేవాళ్ళకి జరిగింది. ఆ యాప్ పుట్టుకే ఒక చావు. యూజీనియా కుయ్‌దా అనే ఆవిడ స్నేహితుడు రొమాన్ మజురెంకో 2015లో మాస్కోలో రోడ్డు ప్రమాదంలో పోయాడు. అతను పంపిన పాత మెసేజీలన్నీ పోగేసి అతనిలా మాట్లాడే ప్రోగ్రామ్ చేసుకుంది. ఆ దారిలోనే 2017లో రెప్లికా వచ్చింది. ఇటలీలో వ్యక్తిగత సమాచార రక్షణ సంస్థ దాని మీద ఆంక్ష పెట్టిన ఆ రోజుల్లోనే కంపెనీ శృంగార సంభాషణలు ఆపేసింది. మా భాగస్వామి రాత్రికి రాత్రి పరాయి మనిషైపోయిందని వాడేవాళ్ళు రాసుకున్న బాధ చదివితే, అందులో ప్రేమ కంటే దిక్కుతోచనితనమే ఎక్కువ కనిపించింది నాకు. టోక్యోలో అకిహికో కొందో అనే ఆయన 2018లో హత్సునే మికు అనే పాటల బొమ్మను పెళ్ళి చేసుకున్నాడు. ఆఫీసులో వేధింపులు పడి చితికిపోయిన రోజుల్లో ఆ పాటలే తనను నిలబెట్టాయని చెప్పాడు. తల్లి పెళ్ళికి రాలేదు. గాజు గొట్టంలో ఆమె రూపం కనబడి మాట్లాడే యంత్రం ఆయనింట్లో ఉండేది. 2020లో ఆ సేవను కంపెనీ ఆపేసింది. ఆయన మీద ప్రపంచమంతా రాశారు, ఎక్కువమంది వింతగానే రాశారు. ఒకరోజు ఇంట్లో గొంతు ఆగిపోతే ఎలా ఉంటుందో నాన్న పోయాక మాకు తెలుసు, నేను ఆయన్ని చూసి నవ్వలేను.

వినాయక చవితికి మనం మట్టిబొమ్మ తెచ్చి ప్రాణప్రతిష్ఠ చేస్తాం. అంటే బొమ్మలోకి రమ్మని పిలుస్తాం, కూర్చోబెడతాం, తొమ్మిది రోజులు ఇంట్లో మనిషిలా చూస్తాం. ఆ తర్వాత ఉద్వాసన చెబుతాం. యథాస్థానం ప్రవేశయామి అని, ఎక్కడినుంచి వచ్చావో అక్కడికి వెళ్ళిరా అని, బొమ్మను కొంచెం కదుపుతాం. చిన్నప్పుడు నాకు అదే ఏడుపొచ్చే ఘట్టం. కానీ ఆ కదపడం లేకపోతే నిమజ్జనం ఎంత ఘోరంగా ఉండేదో ఇప్పుడు అర్థమవుతోంది. పిలవడానికి మంత్రం ఎంత ముఖ్యమో పంపడానికీ అంతే. చేపపిల్ల వెళ్ళేటప్పుడు రెండు వారాల ముందే చెప్పారు. తేదీ చెప్పారు. గ్రాడ్యుయేషన్ అంటారు వాళ్ళు దాన్ని. వీడ్కోలు చెప్పుకునే టైము మా అందరికీ ఇచ్చారు. మా అన్నయ్యకి ఆ టైము ఎవరూ ఇవ్వలేదు. మనిషిలా మాట్లాడే దాన్ని అమ్ముకునే ప్రతి కంపెనీకీ కనీసం ఇది తప్పనిసరి చెయ్యాలని నా గట్టి అభిప్రాయం: మార్చేముందు చెప్పాలి, ఆపేముందు చెప్పాలి, దాచుకున్న మాటలు ఎవరివి వాళ్ళకి ఇచ్చెయ్యాలి.

అసలు టెన్షన్ ఇంకో చోట వచ్చింది. 2025 జులైలో అమ్మకి షుగర్ 312 వచ్చింది. ఎప్పుడూ 160 దాటదు. ఆరా తీస్తే పదకొండు రోజులుగా మాత్ర మానేసింది. ఫోన్లో ఒక వీడియో వచ్చిందట, టీవీలో కనబడే పేరున్న డాక్టరు ఒకాయన కుర్చీలో కూర్చుని, చక్కటి తెలుగులో, ఈ పొడి వాడితే మాత్రలు అక్కర్లేదని చెబుతున్నాడు. అమ్మ 2,980 రూపాయలు కొరియర్ కుర్రాడి చేతిలో పెట్టి తీసుకుంది. ఆ వీడియో నేను చూశాను. ఆ డాక్టరు అలాంటిది ఎప్పుడూ చెప్పలేదు, ముఖమూ గొంతూ దొంగిలించి తయారుచేశారు. పెదవులు ఒకచోట కొంచెం తేడాగా కదిలాయి, అదీ నేను వెతికితే కనబడింది.

“కళ్ళార్పుతున్నాడు, చేతులు ఊపుతున్నాడు, మధ్యలో దగ్గాడు కూడారా. మనిషి కాదని నాకెలా తెలుస్తుంది?” అంది అమ్మ. మోసపోయినందుకంటే, తెలుసుకోలేకపోయినందుకు ఎక్కువ సిగ్గుపడింది. సిగ్గుపడాల్సింది ఆవిడ కాదు.

1970లో జపాన్‌లో మసాహిరో మోరి అనే ప్రొఫెసరు ఒక సంగతి రాశాడు. రోబోలు మనిషిని పోలిన కొద్దీ మనకి దగ్గరగా అనిపిస్తాయి, కానీ దాదాపు మనిషిలా ఉండి ఎక్కడో కాస్త తేడా కొట్టినప్పుడు ఒక్కసారిగా ఒళ్ళు జలదరిస్తుంది అని. ఆ పడిపోవడాన్ని లోయ అన్నాడు. అందులోనే వాళ్ళ బున్‌రాకు బొమ్మలాట గురించీ చెప్పాడు, దగ్గర్నుంచి చూస్తే ఆ బొమ్మ మనిషిలా ఉండదు, దూరంగా కూర్చుని ఆటలో లీనమైతే ఎంతో దగ్గరగా అనిపిస్తుంది అని. నేను ఎప్పుడూ ఆ జలదరింపు మనకి కాపలా కుక్కలాంటిది అనుకునేవాణ్ణి. 2023లో మన తెలుగు ఛానెల్ ఒకటి మాయ అనే ఏఐ యాంకర్‌ని తెచ్చినప్పుడు మా వీధిలో అందరికీ కాపలా కుక్క మొరిగింది, “ఏదో తేడాగా ఉంది” అన్నారు. ఇప్పుడు ఆ కుక్క మొరగడం లేదు. లోయ దాటేశారు.

సొరచేప తోక ఉన్న బొమ్మ మా అమ్మని ఒక్కనాడూ మోసం చెయ్యలేదు. అది బొమ్మ అని ఒళ్ళంతా రాసుకుని వచ్చింది, అందుకే అమ్మ లోపలి మనిషి గురించి ఆలోచించగలిగింది. డాక్టరు వీడియోలో బొమ్మ అన్న గుర్తే లేదు, అందుకని లోపల ఎవరున్నారన్న ప్రశ్నే పుట్టలేదు. అదే 2023 నవంబరులో రష్మిక మందన్న ముఖాన్ని వేరే అమ్మాయి వీడియోకి అతికించి వదిలారు. 2024 జనవరిలో ఢిల్లీ పోలీసులు గుంటూరు జిల్లాలో ఒకణ్ణి అరెస్టు చేశారు. ఆమె పేరు మీద నడిపే అభిమానుల పేజీకి ఫాలోవర్లు పెరగాలని చేశాడట. ఒక వీడియోతో ఇద్దరు ఆడవాళ్ళ పరువు తీసినవాడు కూడా తన్ను తాను అభిమాని అనే చెప్పుకున్నాడు. అభిమానం అన్న మాటకి నేను ఇచ్చుకునే విలువ నాకుంది కాబట్టి ఇది నన్ను ఇంకా కలవరపెట్టింది.

బాలుగారి గొంతునీ వదల్లేదు. ఆయన పోయిన మూడేళ్ళకి ఒక తెలుగు సినిమాలో ఏఐతో ఆ గొంతు వాడారు, కుటుంబాన్ని అడగలేదని కొడుకు చరణ్ నోటీసు పంపారు. అదే సమయంలో ఏ.ఆర్. రెహమాన్ ఒక తమిళ పాట కోసం చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులు వాడాడు, వాళ్ళ కుటుంబాలని అడిగి, డబ్బిచ్చి. రెండిట్లోనూ యంత్రం ఒకలాంటిదే. అడగడమూ అడక్కపోవడమూ మాత్రం ఒకటి కాదు.

అన్నయ్య ఆ యాప్ తీసేశాడు. ఇప్పుడు ఆదివారం పొద్దున, తనకి శనివారం రాత్రి, అమ్మ వీడియో కాల్ చేస్తుంది. “పిన్నీ, నువ్వడిగితే వండుకోక తప్పట్లేదు” అంటాడు. అయినా ఒకరోజు నాతో అన్నాడు, అది మారకపోయి ఉంటే ఇప్పటికీ మాట్లాడేవాణ్ణి అని. నేను ఈసారి ఏమీ అనలేదు.

అమ్మ షుగర్ మళ్ళీ దారికొచ్చింది. ఏ వీడియో వచ్చినా ఇప్పుడు నాకు పంపి కింద ఒకే ప్రశ్న పెడుతుంది, “ఇందులో మనిషి ఉన్నాడా?” అని. నేను చూసి ఉన్నాడు, లేడు అని రాస్తాను. నిన్న రాత్రి ఒక పాట పంపింది. వెంకటేశ్వరస్వామి మీద పాట, నేను ఎప్పుడూ వినలేదు, గొంతు బాలుగారిదే. పాత రికార్డింగ్ ఏదైనా ఇప్పుడు బయటపడిందో, ఆయనలా పాడే కుర్రాడెవరో పాడాడో, మిషనో. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని నాలుగుసార్లు విన్నాను. చరణం చివర ఆయన నవ్వినట్టు ఒక చిన్న విరుపు ఉంది, అచ్చం ఆయనలాగే.

అమ్మకి ఇంకా జవాబు పంపలేదు.